ఆయనకి తెలియకుండా పాపకి టీకా వేయించేయనా?

ఈసారి ఉత్తరం ఒక తల్లి నుంచి. పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. వయసు 31, పాపకి ఎనిమిది నెలలు దాటాయి, ఇంకో మూడు వారాల్లో మీజిల్స్ (అదే, తట్టు) టీకా వేయించాలని కార్డు మీద రాసుంది. గొడవంతా ఆ కార్డు దగ్గరే. పాపకి ఇంతకుముందు ఒక టీకా వేయించిన రోజు రాత్రి జ్వరం వచ్చి తెల్లారేదాకా గుక్కపట్టి ఏడ్చిందట, తొడ మీద సూది గుచ్చిన చోట ఉండ కట్టిందట, ఆ రాత్రంతా పాపని భుజాన వేసుకుని హాల్లో తిరిగింది ఈవిడ భర్తే. ఆ తర్వాత నుంచి ఆయన ఫోన్లో వీడియోలు చూడ్డం మొదలుపెట్టారు, ఇప్పుడేమో "సూదులు ఇంక చాలు, ఈ రోగాలన్నీ శుభ్రత పెరిగి వాటంతటవే పోయాయి, లేని రోగానికి మందేంటి" అంటున్నారు. అత్తగారు కూడా "మా చిన్నప్పుడు అందరికీ తట్టు వచ్చింది, మేం బతకలేదా" అని కొడుకు పక్షమే.

ఈవిడ సంగతి దానికి పూర్తిగా రివర్స్. 2021లో నాన్నగారు కోవిడ్‌తో పోయారు, ఆఖరి చూపు కూడా దక్కలేదు. అప్పట్నుంచి ఏ దేశంలో ఏ వైరస్ అని వార్త కనిపించినా రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకుని చదువుతూనే ఉంటారట. పాపని బయటికి తీసుకెళ్ళడం మానేశారు. అక్క తన పిల్లల్ని తీసుకుని వస్తే, చిన్నోడు ఒకసారి దగ్గాడని గుమ్మంలోంచే పంపించేశారు, రెండు నెలలైంది, అక్క ఫోన్ చేయట్లేదు. "అసలు ప్రపంచంలో ఈ అంటురోగాలు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా, మా ఇద్దరిలో ఎవరు కరెక్ట్, అమ్మావాళ్ళింటికి వెళ్ళిన వంకతో ఆయనకి చెప్పకుండా టీకా వేయించేస్తే తప్పా" అని అడిగారు. చివర్లో పావురాల గురించి కూడా ఏదో అడిగారు, దానికి తర్వాత వస్తా.

అమ్మా, ముందు మీ ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అన్న ప్రశ్న తీసుకుంటా, ఎందుకంటే మిగతావాటికి జవాబు అందులోంచే రావాలి. నిజం చెప్పాలంటే మీ ఇద్దరూ ఒకే వస్తువుని రెండు చివర్ల నుంచి పట్టుకుని లాగుతున్నారు. ఆయన చూస్తున్నది తగ్గిన లెక్క, మీరు చూస్తున్నది పొద్దున వచ్చిన వార్త. రెండూ అబద్ధం కాదు. తగ్గినవి చాలానే ఉన్నాయి. 2004 ప్రాంతంలో హెచ్‌ఐవీ వల్ల ఏడాదికి 20 లక్షల మందికి పైగా చనిపోయేవాళ్ళు, 2023కి అది సుమారు 6.3 లక్షలకి వచ్చింది. మీజిల్స్ మరణాలు 2000లో ఏడెనిమిది లక్షలు, 2023లో లక్షకి కాస్త పైన. పోలియో 1988లో ఏడాదికి 3.5 లక్షల కేసులు, ఇప్పుడు సహజ పోలియో వైరస్ పాతుకుని ఉన్నది పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ రెండు దేశాల్లోనే. అదే టైంలో టీబీ చూడండి, మందు ఉండి కూడా 2023లో 12 లక్షల మందికి పైగా పోయారు. డెంగీ అయితే 2024లో రికార్డు బద్దలు కొట్టింది. కాబట్టి తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అని గుత్తగా అడిగితే జవాబు లేదు, ఏ రోగం అని అడగాలి.

ఇంకోటి, ఏ రోగం దేనివల్ల తగ్గింది అని కూడా అడగాలి. మీ ఆయన జారిపోయింది ఇక్కడే, కానీ పూర్తిగా కొట్టిపారేయకండి, ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మీరు ఒప్పుకుంటే తప్ప మిగతా సగం ఆయన వినరు. నారికురుపు ఉంది కదా, కాలులోంచి తాడులా పురుగు బయటికొచ్చే రోగం, 1986లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల కేసులు ఉంటాయని అంచనా, 2024లో మనుషుల్లో వచ్చినవి 15. లక్షలు కాదు, వేలు కాదు, పదిహేను. దానికి టీకా లేదు, మందు కూడా లేదు, తాగే నీళ్ళు గుడ్డలో వడకట్టుకోవడం, పుండు ఉన్నవాళ్ళు చెరువులో దిగకుండా చూడ్డం, ఊరూరా తిరిగి ఇదే చెప్పడం, అంతే. కలరా కూడా చాలా దేశాల్లో మంచినీళ్ళ పైపులు, మురుగు కాలవలు వచ్చాకే వెనక్కి తగ్గింది. ఇంగ్లండ్‌లో టీబీ మరణాలు మందు కనిపెట్టకముందు నుంచే దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయి. ఇవన్నీ ఆయన వీడియోల్లో చెప్పే ఉంటారు, నిజమే చెప్పారు.

వాళ్ళు చెప్పనిది మీజిల్స్ సంగతి. 1963లో టీకా వచ్చేనాటికి అమెరికాలో నల్లా నీళ్ళకి కొదవ లేదు, సబ్బుకి కొదవ లేదు, తిండికి కొదవ లేదు, అయినా పదిహేనేళ్ళు వచ్చేలోపు దాదాపు ప్రతి పిల్లకీ మీజిల్స్ వచ్చి తీరేది, ఏటా 30-40 లక్షల మందికి. మంచి వైద్యం ఉండబట్టి చావులు తగ్గాయి, అది కరెక్టే, ఏటా నాలుగైదు వందల దగ్గర ఆగాయి, కానీ రోగం రావడం మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది చెప్పండి, అది గాలిలో వెళ్ళే రోగం. రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండగలదు. రక్షణ లేని జనంలో ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది, అంటురోగాల్లో ఇంత వేగం ఉన్నవి చాలా అరుదు. చేతులు ఎంత కడిగినా గాలిని కడగలేం కదా. నీళ్ళ రోగానికి నీళ్ళు బాగుచేశారు, దోమ రోగానికి దోమతెరలు కట్టారు, టీబీకి నెలల తరబడి మందు మింగిస్తున్నారు, దీనికి మాత్రం సూది తప్ప వేరే దారి దొరకలేదు. అదీ రెండు డోసులు నూటికి 95 మందికి పడితేనే ఆగుతుంది.

అత్తగారి మాటకి ఒక్కటే అంటాను, ఆవిడతో వాదించడానికి కాదు, మీరు మనసులో పెట్టుకోడానికి. "మేం బతకలేదా" అని చెప్పగలిగేది బతికినవాళ్ళే. పోయిన పిల్లలు వచ్చి చెప్పరు.

ఇప్పుడు సమోవా సంగతి కొంచెం వివరంగా చెప్తా, పసిఫిక్ సముద్రంలో రెండు లక్షల జనాభా ఉన్న చిన్న దీవుల దేశం. ఇది మీకంటే మీ ఆయనకే ఎక్కువ పనికొస్తుంది అనుకుంటున్నా, ఎందుకంటే అక్కడి తల్లిదండ్రులు వీడియోలు చూసి భయపడలేదు, వాళ్ళ భయానికి నిజమైన కారణమే ఉంది. 2018 జులైలో అక్కడ ఇద్దరు పసిపిల్లలు మీజిల్స్ టీకా వేసిన నిమిషాల్లో చనిపోయారు. తర్వాత తేలిందేంటంటే టీకా పొడిలో కలపాల్సిన నీళ్ళకి బదులు నర్సులు పొరపాటున, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు చేయడానికి వాడే మందు కలిపారు. టీకా తప్పు కాదు, కలిపిన చెయ్యి తప్పు. కానీ బిడ్డ పోయిన ఇంటి పక్కింటివాళ్ళకి ఆ తేడా ఎవరు చెప్తారు, చెప్పినా ఎవరు నమ్ముతారు? ప్రభుత్వం నెలల తరబడి టీకాలు ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టినా జనం రాలేదు. ఆ ఏడాది టీకా పడ్డ పిల్లలు నూటికి 31 మందే అని అంచనా. మరుసటి ఏడాది మీజిల్స్ వచ్చింది. 5,700 మందికి సోకింది, 83 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువ మంది ఐదేళ్ళ లోపు పిల్లలే. డిసెంబర్‌లో రెండు రోజులు దేశం మొత్తం మూసేసి, మా ఇంట్లో టీకా పడనివాళ్ళు ఉన్నారు అని తెలిసేలా గుమ్మం ముందు ఎర్ర గుడ్డ కట్టుకోమన్నారు. తెల్లారేసరికి రోడ్ల పొడుగునా ఎర్ర గుడ్డలు. నర్సులు ఇంటింటికీ వెళ్ళి వేశారు. ఒక ఏడాది ముందు ఏ సూదికి భయపడి తలుపులు వేసుకున్నారో అదే సూది కోసం గుడ్డ కట్టుకుని ఎదురుచూశారు.

ఇది చదివి మీకు నిద్ర పట్టదేమో అని నాకు అనుమానం, అందుకే మీ వైపు కూడా చెప్తున్నా. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, నాన్నగారిని అలా పోగొట్టుకున్న మనిషికి వైరస్ అనే మాట మామూలు మాట కాదు. కానీ రాత్రి రెండింటికి మీరు చదివేది ప్రపంచం లెక్క కాదు, ప్రపంచంలో ఆ రోజు ఎక్కడ మంట లేచిందో ఆ లిస్టు. "నిరుటి కంటే ఈ ఏడాది చనిపోయిన పిల్లలు తగ్గారు" అని రాత్రి పూట ఎవరూ బ్రేకింగ్ న్యూస్ వేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది అనగానే మీకు గుండె దడ వస్తుందని రాశారు కదా, మరి పోలియో విషయంలో ఆ అత్యవసర పరిస్థితి 2014 మే నుంచి తీయకుండా అలాగే ఉందని తెలుసా? పదేళ్ళకి పైగా. ఆ ప్రకటన దేశాలకి, డబ్బులు కూడగట్టండి, కేసులు దాచొద్దు, కలిసి పనిచేయండి అని. మీ ఇంటి తలుపు గడియ పెట్టుకోమని కాదు.

అసలు విచిత్రం ఏంటంటే, మీరు పాపని ఇంట్లో దాచి, అక్క పిల్లల్ని ఆపి, ఎక్కడెక్కడి వైరస్‌లో లెక్కపెడుతున్నారు, వాటిలో చాలావాటికి టీకా లేదు, మీరు చేయగలిగిందీ లేదు. చేయగలిగినది ఒకటుంది, అది మూడు వారాల్లో ఉంది. పైగా ఎన్నాళ్ళు దాస్తారు? మీ ఒంట్లోంచి పాపకి వచ్చిన రక్షణ ఈ వయసుకి కరిగిపోతూ ఉంటుంది. మీరూ మీ ఆయనా చిన్నప్పుడు రెండు డోసులు వేయించుకున్నారో లేదో కూడా డాక్టర్‌ని అడగండి, చాలామంది పెద్దవాళ్ళకి ఆ సంగతే తెలీదు, ఇంట్లోకి రోగం తెచ్చేది మనం కూడా కావచ్చు. పోతే, ఆ నిద్ర లేకపోవడం. కాన్పు తర్వాత ఇంత ఆందోళన ఆగకుండా ఉండడం చాలామంది తల్లుల్లో కనిపించేదే, దానికి వైద్యం ఉంది, పాప కోసం వెళ్ళినప్పుడు మీ గురించి కూడా నోరు విప్పండి.

సరే, చెప్పకుండా వేయించేయడం. చేయొచ్చా అంటే చేయొచ్చు, ఎవరూ ఆపరు. తర్వాత ఏమవుతుందో ఆలోచించారా? మీజిల్స్ టీకాకి జ్వరం సాధారణంగా ఆ రాత్రే రాదు, వస్తే వారం దాటాక, ఏడో రోజు నుంచి పన్నెండో రోజు మధ్యలో వస్తుంది, కొంతమందికి సన్నగా దద్దుర్లు కూడా వస్తాయి. అంటే మీరు అమ్మావాళ్ళింటి నుంచి తిరిగొచ్చి, అంతా సర్దుకుంది అనుకున్న రోజున పాప ఒళ్ళు కాలుతుంది. ఆయన కంగారుగా ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి పరిగెడతారు, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఈమధ్య ఏదైనా టీకా వేయించారా" అని. అప్పుడు మీరేం చెప్తారు? ఆ క్షణం నుంచి ఆయన దృష్టిలో టీకా అంటే జ్వరం, మీరంటే అబద్ధం, రెండూ ఒకేసారి రుజువైపోతాయి. రెండో డోసు ఉంది, ఆ తర్వాత ఇంకా చాలా ఉన్నాయి, ప్రతిసారీ పుట్టింటికి వెళ్తారా?

ఇంకో దారి, ఆయన మాట విని కొన్నాళ్ళు ఆగడం. దీన్ని కూడా మూర్ఖత్వం అని కొట్టేయను. తొమ్మిది నెలలకి వేస్తే నూటికి 85 మంది పిల్లలకి పట్టుకుంటుంది, ఏడాది నిండాక వేస్తే ఇంకా ఎక్కువ మందికి, ఎందుకంటే తల్లి ఇచ్చిన రక్షణ కొంచెం మిగిలుంటే అదే టీకాకి అడ్డుపడుతుంది. అందుకే రోగం బాగా తక్కువున్న దేశాల్లో ఏడాదికి వేస్తారు, తిరుగుతున్న చోట తొమ్మిది నెలలకే వేస్తారు, పసిపిల్లలకి వస్తే మరీ ప్రమాదం కాబట్టి. కార్డు మీద తొమ్మిది నెలలు అని ఉందంటే మీరుండే చోట ఆ లెక్క మీకోసం ఎవరో ముందే వేసి పెట్టారన్నమాట. ఆగితే ఆ మూడు నెలలూ పాప రక్షణ లేకుండా ఉంటుంది, దగ్గర్లో కేసులు లేకపోతే ఏమీ కాకపోవచ్చు, ఉంటే మాత్రం ఆ జూదం నేనైతే ఆడను. ఇంకో సంగతి, ఆగుదాం అన్నవాళ్ళలో చాలామంది తేదీ చెప్పరు. ఆయన ఆగుదాం అంటే "ఎప్పటిదాకా" అని అడగండి, కార్డు మీద ఆయన చేత్తోనే తేదీ రాయించండి.

మూడోది నాకు నచ్చిన దారి, కానీ కష్టమైంది. ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం, అది కూడా టీకా రోజు కాదు, ఒక వారం ముందు, ఉత్తినే మాట్లాడ్డానికి. ఆ రాత్రి సంగతి ఆయన్నే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి. జ్వరం ఎంత, ఎన్ని గంటలు ఏడ్చింది, ఉండ ఎన్ని రోజులుంది. ఆ రాత్రి మోసింది ఆయన, ఇంతవరకు ఆయన్ని ఎవరూ అడగలేదనుకుంటా. "అది మామూలే" అని అందరూ అనేసి ఉంటారు, మీతో సహా. భయపడ్డ మనిషికి మామూలే అంటే ఇంకా ఒళ్ళు మండుతుంది. డాక్టర్ అది వేరే టీకా అని, దీనికి వచ్చేవి వేరే అని చెప్తారు, తీవ్రమైన అలెర్జీ లాంటివి పది లక్షల డోసుల్లో ఒకటీ అరా, జ్వరంలో ఫిట్స్ మూడు నాలుగు వేలకి ఒకటి, అవి చూడ్డానికి భయం వేసినా దాదాపు ఎప్పుడూ హాని లేకుండా తగ్గిపోతాయి, అందుకే వేశాక కాసేపు అక్కడే కూర్చోమంటారు. నిజంగా వేయకూడని పిల్లలు కొందరున్నారు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళు లాంటివాళ్ళు, పాప అందులో ఉందో లేదో అది కూడా అక్కడే తేల్చుకోవచ్చు. ఆయన చూసిన వీడియోల్లో ఆటిజం మాట ఉండే ఉంటుంది, దానికి మూలమైన 1998 నాటి పరిశోధనని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టర్ లైసెన్సు పోయింది. ఇది మీరు చెప్తే గొడవ, డాక్టర్ చెప్తే సమాచారం.

ఇంకా కాదంటే? అప్పుడు కూడా దొంగతనం వద్దు. "రేపు పదింటికి పాపని తీసుకెళ్తున్నా, నువ్వూ వస్తే బాగుంటుంది" అని ముందురోజే మొహం మీద చెప్పి వెళ్ళండి. పర్మిషన్ అడగడానికీ చెప్పకుండా చేయడానికీ మధ్యలో చెప్పి చేయడం అని ఒకటుంది కదా, మన ఇళ్ళల్లో దాన్ని మర్చిపోతాం. గొడవ అవుతుంది, కాదనను. కానీ అది బయటపడి జరిగే గొడవ కాబట్టి ఎప్పటికైనా తీరే గొడవ.

మీ ఆయనకి ఒక మనిషి కథ చెప్పండి, వాదన లాగా కాదు, ఊరికే అన్నం తినేటప్పుడు. సోమాలియాలో అలీ మావ్ మాలిన్ అని ఆస్పత్రిలో వంటవాడు, ఆస్పత్రిలోనే పనిచేస్తూ కూడా సూది నొప్పి పుడుతుందని మశూచి టీకా తప్పించుకు తిరిగాడు. 1977 అక్టోబర్‌లో మశూచి వచ్చిన పిల్లల్ని తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి ఎక్కాడు, కొద్ది నిమిషాలే, అంతే, అంటుకుంది. బతికాడు. ప్రపంచంలో సహజంగా మశూచి సోకిన చివరి మనిషి అతనే, 1980లో ఆ రోగం లేదని ప్రకటించారు. తర్వాత అతను ఏం చేశాడంటే, పోలియో చుక్కలు వేసేవాళ్ళతో కలిసి ఊళ్ళు తిరిగాడు, భయపడే తల్లిదండ్రులకి తన కథే చెప్పేవాడు, నేనూ మీలాగే భయపడ్డా అని. అతనికి మశూచి మళ్ళీ రాలేదు, సహజంగా ఇంకెవరికీ రాలేదు, 2013లో మలేరియాతో పోయాడు, ఆ ఏడాది సోమాలియాలో పోలియో మళ్ళీ వస్తే ఆ పనిలోనే తిరుగుతూ. ఈ కథలో సూదికి భయపడ్డ మనిషిని ఎవరూ వెక్కిరించరు, అందుకే మీ ఆయనకి చెప్పమంటున్నా.

అక్క సంగతి. చిన్నోడి దగ్గు తగ్గి రెండు నెలలైంది, మీరే ఫోన్ చేయండి. నాన్న పోయింది ఆవిడకి కూడా కదా. "అప్పుడు భయపడ్డాను అక్కా" అంటే ఆవిడకి వేరే ఏం చెప్పక్కర్లేదు. పిల్లలకి ఒంట్లో బాగోలేనప్పుడు రావద్దని అనడం తప్పేం కాదు, అది ముందు ఫోన్లో అనాలి, గుమ్మంలో కాదు. వచ్చినప్పుడు కిటికీలు తెరవండి, చేతులు కడిగించండి, సరిపోతుంది.

ఇక పావురాలు. బాల్కనీ రెయిలింగ్ మీద వాలితే బర్డ్ ఫ్లూ వస్తుందా అని అడిగారు. ఆ వైరస్ మనుషులకి ఎక్కువగా జబ్బుపడ్డ పక్షుల్నో పశువుల్నో దగ్గరగా ముట్టుకున్నప్పుడు వస్తోంది, మనిషి నుంచి మనిషికి అదే పనిగా పాకడం ఇంతవరకు లేదు. చచ్చిన పక్షి కనిపిస్తే వట్టి చేత్తో తీయకండి, రెట్ట ఎండిపోయాక చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిపి తుడవండి, అప్పుడు పాపని లోపల ఉంచండి. వాలిన పావురం దాని మానాన అది ఎగిరిపోతుంది, పాపకి చూపించండి, ఎనిమిది నెలల పిల్లలకి భలే ఇష్టం.